తిన్న ఎలుకల ద్రోహం

తెలంగాణ ఉద్యమంలో ఎలుకలు నిర్వహించిన పాత్రను చరిత్రకారులు నమోదు చేయకపోవడం విచారకరం. ఆ లోటు ఇప్పుడు పూరిస్తున్నాము. తార్నాకను ఆనుకొని ఉన్న విశ్వవిద్యాలయంలో, జీవరసాయన విభాగం మేడ మీద, కొన్ని తెల్ల ఎలుకలు నిరాహార దీక్ష చేశాయి.

వాటిని కూర్చోబెట్టింది సింధూజ అనే పరిశోధక విద్యార్థిని. పస్తున్నప్పుడూ, చక్కెర వ్యాధి వచ్చినప్పుడూ కాలేయంలో చక్కెర తయారుచేసే ఎంజైములు ఎలా నడుచుకుంటాయన్నది ఆమె పరిశోధన. ఒక బోనులో పస్తున్నవి, ఒక బోనులో చక్కెర వ్యాధివి, మూడో బోనులో కడుపునిండా తిన్నవి. తిన్నవాడు పక్కన ఉంటేనే పస్తున్నవాడి సంగతి తేలుతుందని శాస్త్రం.

విశేషమేమంటే, రక్తంలో చక్కెర పొంగిపొర్లుతున్నా వ్యాధి సోకిన కాలేయం తాను పస్తులున్నాననుకొని ఇంకా చక్కెర తయారుచేస్తూనే ఉంటుంది. ఇలాంటి అవయవాలు ప్రజాజీవితంలో కూడా ఉన్నందున పాఠకులకు వివరించనక్కర్లేదు.

కింద టెంటులో రిలే దీక్ష సాగుతోంది. పొద్దుటి ఇడ్లీకీ రాత్రి బిర్యానీకీ నడుమ జరిగే మహాత్యాగం అది. ఒకరోజు విద్యార్థి నాయకుడు భూపాల్ గారు సెల్‌ఫోన్ ఛార్జింగ్ కోసం మేడ మీదికి వచ్చి, బోను మీద ‘ఫాస్టింగ్’ అన్న చీటీ చూశారు. ఆయన గుండె కరిగింది. ముందురోజు కిటికీలోంచి వచ్చిన బాష్పవాయువుకు ఎలుకలు కన్నీళ్ళు పెట్టుకున్నాయని విని, దాన్ని సంఘీభావంగా గుర్తించి, బోనుకు బంతిపూల దండ వేయించారు. దీక్షాపరులు ఆ దండను తినబోతే సింధూజ లాగేసింది.

తర్వాత ఆయన పక్క బోను చూశారు. అందులోవి హాయిగా తింటున్నాయి.

“గివి ఎవరి ఎలుకలు?” అన్నారు.

సింధూజ గైడు అచ్యుతరామయ్య గారిది గుంటూరు జిల్లా. “ఎలుకలు ఇక్కడివేనండీ, నాకేం సంబంధం లేదు,” అని ఆయన సెలవు పెట్టి, తార్నాకలో ఇంటికి వెళ్ళి తలుపేసుకున్నారు.

“అన్నా, వీటి మేత ఆపకుండ్రి, ఇవి తినకపోతే నా పీహెచ్‌డీ పోతది,” అంది సింధూజ. “ఫెలోషిప్ గీ నెలతోని అయిపోతది. మళ్ళ మొదటికెళ్ళి చేసుడు నాతోని కాదు.”

ఊరేగింపులో తిన్న లాఠీదెబ్బకు ఆమె మోచేయి ఇంకా వాచే ఉంది. ఆ రోజు భూపాల్ గారు టీవీ చర్చలో ఉన్నారు.

“రాష్ట్రమొస్తే అన్నీ వస్తయి చెల్లె,” అని ఆయన స్టూలెక్కారు. “నాలుగు కోట్ల ప్రజలు ఆకలితో అలమటిస్తుంటే మేత మేసే ఎలుక ఏ జాతిదైనా ద్రోహే. కడుపు మాడ్చుకోలేని జీవికి ఈ గడ్డ మీద స్థానం లేదు.”

వెంట వచ్చిన అనుచరుల చప్పట్లు మోగాయి. మేత సంచి స్వాధీనమైంది. ఎలుకలన్నీ ఏకగ్రీవంగా దీక్షలో కూర్చున్నాయి. షుగర్ ఉన్న పెద్దలు దీక్షా కమిటీలో ఉన్నందువల్ల చక్కెర వ్యాధి ఎలుకలకు మాత్రం మినహాయింపు లభించింది.

మర్నాటికి తిన్నవీ తిననివీ ఒకటే అయిపోయాయి. సింధూజ బోనుల ముందు కూర్చొని ఏడ్చింది. ఆ ఏడుపు ఉద్యమం మీద కాదు, స్టూలెక్కిన పెద్దమనిషి మీద. ఆ పిల్ల కష్టం తలుచుకుంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

జరిగింది జరిగినట్టే థీసిస్‌లో రాసి సమర్పించింది. వైవాలో పరీక్షకులు ఉమాపతి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. “అంతా బాగానే ఉంది గానీ, తిన్న గుంపు ఏదమ్మా?”

“తిన్నోళ్ళందరు దీక్షల కూసున్నరు సార్.”

ఆధారాలు చాలవని ఆమె డిగ్రీ ఆపారు. భూపాల్ గారి త్యాగానికి మాత్రం దీక్షా టెంటులో తీసిన ఫొటో ఆధారం ఉంది. అందులో రెండో వరుసలో మూతి తుడుచుకుంటున్నది ఎవరో మేం చెప్పక్కర్లేదు. ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించుకున్నది పాఠకులైన మీరే కదా.