తలల కొలత పరకలు

గడ్డి టోపీలు అల్లే అత్తగారి కొట్లో ఆ పూట అల్లుడికి అప్పజెప్పిన పని ఒక్కటే, గడ్డి నానబెట్టడం. ఎండుగడ్డి నానితేనే విరగకుండా వంగుతుంది. మధ్యాహ్నానికి వచ్చేస్తానని చెప్పి భార్య రిబ్బన్ల కోసం బజారుకు వెళ్లింది. ఈ వేసవిలో గిరాకీ లేకపోతే కొట్టు అద్దెకిచ్చేస్తానని అత్తగారు అప్పటికే తేల్చి చెప్పారు. కొత్తగా కుదిరిన కొద్దిపాటి ఆర్డర్ల మీదే భార్య ఆశలన్నీ పెట్టుకుంది.

అల్లుడు పనిలోకి దిగితే ఒకంతట ఆగే రకం కాదు. కట్ట మొత్తం విప్పి నానబెట్టాడు. కిటికీ మేకుకు వేలాడుతున్న గడ్డిపరకలు ఎగుడుదిగుడుగా కనిపిస్తే, చివర్లు సమంగా కత్తిరించి మరీ తొట్లో పడేశాడు. రంగుదారాలు నీళ్ల మీద తేలాక గానీ, అవి కొలత పరకలని గుర్తుకు రాలేదు. ఆ ఇంట్లో టేపు వాడరు. ఆర్డరిచ్చిన మనిషి తల చుట్టూ పరక చుట్టి, సరిగ్గా అంతకే తుంచి, గుర్తుకు ఒక రంగుదారం కట్టి ఆ మేకుకే తగిలిస్తారు.

భార్య వచ్చేలోగా మళ్లీ కొలిచేస్తే సరిపోతుందని రొట్టెల కొట్టుకు పరుగెత్తాడు. తప్పు ఒప్పుకోవడానికి నోరు రాక, ఊరికేనంటూ కొట్టాయన తల కొలిచాడు. పరక జారితే మళ్లీ కొలిచి, మొహం చిట్లించి వెళ్లిపోయాడు.

కొట్టాయనకు అనుమానం పట్టుకుంది. మంగలి దగ్గరికి వెళ్లి, తన తల ఏమైనా పెరిగినట్టుందా అని అడిగాడు. మంగలి చెవిన పడిన మాట వీధంతా తిరగడానికి ఎంతోసేపు పట్టదు. అల్లుడు బడి మాస్టారి ఇంటికి చేరేసరికి ఆయన తల పట్టుకుని కూర్చున్నారు.

"నిజం చెప్పు బాబూ, నాదీ పెరిగిందా?"

"ఇప్పటికైతే ఫర్వాలేదండీ," అన్నాడు అల్లుడు, ధైర్యం చెబుదామని.

దాంతో వీధి వీధంతా టోపీల కొట్టు ముందు పోగయింది. రిబ్బన్లతో వచ్చిన భార్య, అందరూ ఆర్డర్లు వద్దనడానికే వచ్చారనుకుని గుమ్మంలోనే చతికిలబడింది. ఆమె మొహం చూశాక అల్లుడు తట్టుకోలేకపోయాడు.

"ఎవరి తలకీ ఏం కాలేదండీ. కొలత పరకలన్నీ నేనే కత్తిరించి నానేశాను. మా ఆవిడ తప్పేం లేదు."

ముందు మాస్టారు నవ్వారు, ఆ వెనకే వీధంతా నవ్వింది. గండం గడిచిన సంతోషంలో, ఎలాగూ వచ్చాం కదా అని రొట్టెల కొట్టాయన స్టూలు మీద కూర్చుని తల వంచాడు. ఆర్డరివ్వని వాళ్లు కూడా ఆయన వెనక వరస కట్టారు. భార్య కొలుస్తుంటే అత్తగారు దారాలు కట్టారు, అవి చాలక తన పాత చీర అంచు పీకారు. కొట్టు అద్దెకివ్వడం ఇక కుదరదని వరసలో అందరికీ వినబడేలా చెప్పారు. భార్య కళ్లు తుడుచుకుని మరో పరక అందుకుంది.

చివర్లో అల్లుడు కూడా ఆశగా వచ్చి స్టూలు మీద కూర్చుంటే, ఆ తలలో కొలవడానికేమీ లేదని అత్తగారు లేపి పంపేశారు.