ఇచ్చిన స్థితిలోనే వాపసు

సర్కారు ఇచ్చిన వస్తువును సర్కారే తిరిగి పట్టుకుపోవడం కంటే గొప్ప వరం ఉపాధ్యాయుడి జీవితంలో మరొకటి లేదు! ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. మూడేళ్లు ఒక లాప్‌టాప్‌కు కాపలా కాసి, మొన్న ఏప్రిల్‌లో దాన్ని వాపసు చేసి, రసీదు జేబులో పెట్టుకుని, ఆ మధ్యాహ్నం కాళ్లు బారజాపుకుని నిద్రపోయిన అనుభవంతో అంటున్నాను.

మీలో కొందరికి కోపం రావచ్చు. "అదేందయ్యా! పంతుళ్లకు కంప్యూటర్ నేర్పుతమని ఇచ్చి, చేతికి అలవాటయ్యే యాళ్లకు గుంజుకుంటే వరం ఎట్లయితది?" అని అడగవచ్చు. అడగండి. నాకిప్పుడు బోలెడు తీరిక.

ముందు సంగతి చెప్పాలి. 2009లో మా జిల్లాలో 'గురు కంప్యూటర్ జ్యోతి' అనే కార్యక్రమం వెలిగింది. ఒక కంపెనీ దగ్గర లాప్‌టాప్‌లు మూడేళ్ల లీజుకు తెచ్చి, బడికొక టీచరును ఎంపిక చేసి చేతిలో పెట్టారు. మోతె హైస్కూల్లో సోషల్ చెప్పుకునే ఈ ప్రభాకర్‌కు కూడా ఒకటి దక్కింది. సూర్యాపేటలో పది రోజుల ట్రైనింగ్. మొదటి రోజు ఆన్ చేయడం నేర్పారు. రెండో రోజు ఆఫ్ చేయడం నేర్పారు. మిగతా ఎనిమిది రోజులు కరెంటు లేదు. భోజనాలు మాత్రం బాగున్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి!

ఆఖరి రోజు ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. దాని నిండా షరతులు. మేమెవరం చదవలేదు. చివరి షరతును మాత్రం ట్రైనింగ్ ఇచ్చినాయన మైకులో మూడుసార్లు చదివాడు. "లీజు ముగిసిన పిదప పరికరమును ఇచ్చిన స్థితిలోనే వాపసు చేయవలెను. తేడా వచ్చినచో సదరు ఉపాధ్యాయులే బాధ్యులు."

ఇచ్చిన స్థితిలోనే! పాతికేళ్ల సర్వీసులో ఇంత స్పష్టమైన ఆర్డరు నేను చూడలేదు. నాకు ఎలా ఇచ్చారు? పాలిథిన్ కవరులో ఇచ్చారు. ఎలా తిరిగి ఇవ్వాలి? పాలిథిన్ కవరులో ఇవ్వాలి. మరి మధ్యలో ఆ కవరు విప్పే తెలివితక్కువవాడెవడండీ?

నేను విప్పలేదు. నెలకోసారి చార్జింగ్ పెట్టకపోతే బ్యాటరీ చస్తుందన్నారు కాబట్టి, పిన్ను దూరేంత చిన్న బొక్క మాత్రం కవరుకు పెట్టాను. ఆ అపరాధం గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నా ఒక్కడి గొప్పేనా? చివ్వెంల కాటయ్య సారు లాప్‌టాప్‌ను ఇంట్లో బీరువాలో తాళం వేసి, దాని బ్యాగు మాత్రం రోజూ భుజానికి తగిలించుకుని బడికి వెళ్లేవాడు. ఆ బ్యాగును చూసి బస్సులో జనం లేచి సీటిచ్చేవారు. లోపల టిఫిన్ డబ్బా ఉండేది. తిరుపతి సారు దసరాకు బండితో పాటు లాప్‌టాప్‌ను కూడా కడిగి పూజ చేద్దామనుకున్నాడట. కడగొద్దని పెండ్లాం అడ్డం పడబట్టి సరిపోయింది. చివరికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ చీరలో చుట్టి అటక మీద పెట్టాడు. సాంకేతిక విప్లవానికి ఇంతకంటే గౌరవం ఏ దేశంలో దక్కింది?

అయితే కాపలా అంటే మాటలా! మూడేళ్లలో మా ఆవిడ స్వర్ణ, నేను కలిసి ఒక్క పెళ్లికి పోలేదు. ఇద్దరమూ పోతే పెట్టెను ఎవరు చూస్తారు? మా బావమరిది పెళ్లికి కూడా నేను ఇంట్లోనే ఉండిపోయాను. "మీకు నేను పెండ్లాన్నా, గా పెట్టె పెండ్లామా? ఏదో ఒకటి తేల్చి చెప్పుండ్రి!" అంది స్వర్ణ. ప్రభుత్వ రహస్యాలు ఆడవాళ్లకు అర్థం కావని ఊరుకున్నాను. మొన్న ఏప్రిల్‌లో జ్యోతి ఆరిపోయి, అన్నీ వాపసు చేయాలని ఆర్డరు రాగానే ఆవిడ పక్కింటివాళ్లకు పాయసం పంచింది. చూశారా, ఒక సంసారం నిలబడింది! ఇది వరం కాదా?

ఇక ప్రతి చోటా ఆర్డరు సరిగా చదవని వాళ్లు ఒకరుంటారు కదా. మా దగ్గర ఆ ఒకరి పేరు సుమిత్ర టీచరు.

నడిగూడెం అవతల ఒక తండాలో ప్రైమరీ బడి ఆమెది. ఈ సుమిత్ర టీచరు మొదటి రోజే కవరు చించిందట! అంతటితో ఆగిందా? ఆ తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, పుస్తకంలో తెలుగు చూసి బిక్కమొహం వేస్తారు. అందుకని ఆమె ఏం చేసిందంటే, మేకలు కాసుకునే శాంతాబాయి అనే ముసలామెను పట్టుకొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద రొట్టె బొమ్మ వస్తుంది. శాంతాబాయి గొంతు "బాటి" అంటుంది. వెంటనే టీచరు గొంతు "రొట్టె" అంటుంది, కింద అక్షరాలు పడతాయి. ఇట్లా ఇల్లు, బావి, వాన, చుట్టం, జ్వరం, అన్నీ! పొడుపు కథలు కూడా! మూడేళ్లు కూర్చుని మూడు వందల పాఠాలు చేసింది. ఒకటో తరగతి పిల్లలు నాలుగు నెలల్లో తెలుగు చదివేస్తున్నారని పుకారు.

ఇంత దుర్వినియోగాన్ని మీరెక్కడైనా విన్నారా?

వాపసు తీసుకునే కౌంటరు కోదాడలో పెట్టారు. ఎవరి పరికరం ఏ స్థితిలో ఉందో రాసుకోవడానికి ఒక కమిటీ వేశారు. అందులో సభ్యుడిగా ఎవరిని వేశారో నేను చెప్పాలా? కవరు విప్పని మహానుభావుడు ఇంకెవరున్నారు! నా లాప్‌టాప్‌ను ఆఖరి రోజున అప్పజెప్పమని, అందాకా 'ఇచ్చిన స్థితి' అంటే ఏమిటో అందరికీ తెలిసేలా టేబుల్ మీద నమూనాగా పెట్టమన్నారు. పెళ్లిపీటల మీది పిల్లలాగా అది తళతళలాడుతూ కూర్చుంది.

సుమిత్ర టీచరు వంతు నిజానికి మరో వారానికి. కానీ తేదీలు మారాయని, సాయంత్రం నాలుగులోపు అప్పజెప్పాలని ఆ పొద్దున్నే ఫోను పోయింది. రెండు గంటలకు ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో ఒక పెన్‌డ్రైవ్. పాఠాల్లో నాలుగో వంతు కూడా అందులో పట్టవట. సీడీలు చేయించుకుందామంటే కోదాడలో పన్నెండు నుంచి నాలుగు దాకా కరెంటు కోత, నెట్ సెంటర్లన్నీ మూత. మా కౌంటరుకు మాత్రం జనరేటర్ ఉంది. తీసుకునేవాళ్లకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది కదా!

నేను ఫారం నింపడం మొదలుపెట్టాను. కీబోర్డు: అక్షరాలు అరిగినవి. తెర: చిన్నపిల్లల వేలిముద్రలు, అసంఖ్యాకం. మూత: గీతలు. కంపెనీ ఇంజినీరు వినయ్ స్పీకర్లు చూడటానికి ఏదో నొక్కాడు. "బాటి" అంది శాంతాబాయి గొంతు. లైన్లో ఉన్న టీచర్లు పకపకా నవ్వారు. నేను నవ్వలేదు, డ్యూటీలో ఉన్నాను. స్పీకర్లు: పని చేయుచున్నవి అని రాశాను.

వినయ్‌ది కోదాడే, మంచివాడు. "టీచర్ గారూ, ఫార్మాట్ కొడితే ఇంకేమీ మిగలదండీ. అసలు ఇదంతా ఎందుకు, ఇదిగో ప్రభాకర్ గారి లాప్‌టాప్ ఖాళీగానే ఉందిగా! ఇది ఇచ్చేది ఇంకా ఆరు రోజులకి. పెన్‌డ్రైవ్‌తో అయిదారు సార్లు మారిస్తే గంటలో మొత్తం ఇందులోకి వచ్చేస్తాయండీ" అన్నాడు.

సుమిత్ర టీచరు మొహం వెలిగిపోయింది. "సారూ, ఆరు రోజులే! గీ లోపల నేను సీడీలు చేయించుకుంట. జర మీ దాంట్ల పెట్టుకోనియ్యుండ్రి."

"కవరు చించాలె గదమ్మా!" అన్నాను.

"కవరే గద సారూ."

కవరే గదా! విన్నారా ఆ మాట? మూడేళ్ల తపస్సును పట్టుకుని కవరే గదా అంటుందా? "అమ్మా, ఇది నమూనా. కమిటీ సభ్యుడినై ఉండి నేనే చించితే రేపు నన్నెవరు లెక్కచేస్తరు? తేడా వస్తే బాధ్యుడు నేను. రూల్ రూలే" అన్నాను. ఆమె ఇంకో రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత అడగలేదు. వినయ్ నావైపు చూసి, తల గోక్కుని, తన పనిలో పడ్డాడు. పాఠాలన్నీ తుడిచేయడానికి మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. ఆమె అయిపోయేదాకా అక్కడే నిలబడింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

న్యాయం ఎప్పటికైనా గెలుస్తుంది. మే నెలలో నాకు 'ఉత్తమ వినియోగదారుడు' అని సర్టిఫికెట్ ఇచ్చారు, శాలువా కప్పారు. సుమిత్ర టీచరుకు మెమో ఇచ్చారు. పరికరము అరుగునంతగా వాడుటకు కారణమేమి అని సంజాయిషీ అడిగారు. అంత తొందరపెట్టి తీసుకున్న లాప్‌టాప్‌లన్నీ ఇప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు పక్క గోదాములో గుట్టగా ఉన్నాయి. కంపెనీవాళ్లు ఇంకా వచ్చి తీసుకుపోలేదు. తవుడు దుమ్ము పడుతోందట. నాది మాత్రం భద్రం, కవరుంది కదా!

ఇక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ ఉత్తమ వినియోగదారుడిని కాబట్టి, కార్యక్రమం వల్ల పిల్లలకు కలిగిన ప్రయోజనం మీద నివేదిక కూడా నన్నే రాయమన్నారు. నాలుగు బడులు చూసి రమ్మన్నారు. జులైలో ఆ తండాకు వెళ్లాను.

బడి ముందు వేపచెట్టుకు మేకలు కట్టేసి ఉన్నాయి. లోపల ఒకటో తరగతి పిల్లల మధ్య ఒక ముసలామె కూర్చుని ఉంది. టీచరు పలక మీద బొమ్మ గీసి చూపిస్తే ఆమె ఒక మాట చెబుతోంది, పిల్లలు తెలుగులో ఇంకో మాట చెబుతున్నారు. లాప్‌టాప్ పోయినప్పటి నుంచి శాంతాబాయే రోజూ వస్తోందట. మేకలు మేతకు పోకుండా మధ్యాహ్నం దాకా అక్కడే అరుస్తున్నాయట. ఆమె కొడుకు కిష్ట్యా వద్దని పోరు పెడుతున్నాడట. సుమిత్ర టీచరు నాతో మర్యాదగానే మాట్లాడింది. టీ కూడా తెప్పించింది.

బయటికి వస్తుంటే శాంతాబాయి వెనకాలే వచ్చింది. "సారూ, పెట్టెలు తీస్కపోయినోళ్లల్ల నువ్వు గూడ ఉన్నవట గద?"

"ఉన్న, శాంతాబాయి. అది రూలు."

"మూడేండ్లు మేకలిడ్సిపెట్టి చెప్పిన సారూ. జర్రంత తప్ప అంత తుడ్సిన్రంట. ఇగ మల్ల మొదటికెల్లి చెప్తున్న. కొన్ని మర్సిపోయిన, యాదికొస్తలేవు." ఆ వెంటనే అడిగింది. "నీ కాడ గూడ గసువంటి పెట్టె ఉండెనట గద. నా మాటలు పట్టేంత జాగ గూడ లేకుండెనా సారూ అండ్ల?"

పాఠకులారా, కవరు సంగతి ఇంతసేపు మీకు గొప్పగా చెప్పినవాణ్ని, ఆమెకు మాత్రం చెప్పలేదు. "నిండిపోయి ఉండె, శాంతాబాయి" అన్నాను.

"అట్లనా! పోనీ తియ్యి సారూ" అంది ఆమె, నన్నే ఓదారుస్తున్నట్టు. "నీ బడి పిల్లల పాఠాలుండె గావొచ్చు. అవి గూడ ఉండాలె గద."

నాకు సిగ్గేసింది. బండి స్టార్ట్ చేశాను. మోతె దాకా ఆ మాటే చెవుల్లో ఉంది.

నివేదిక ఇంకా నా టేబుల్ మీదే ఉంది. పిల్లలకు కలిగిన ప్రయోజనం అన్న చోట ఖాళీగా ఉంది. లాప్‌టాప్ కవరులో ఉన్న ఆ మూడేళ్లలో నా చేతుల మీదుగా మూడు పదో తరగతి బ్యాచీలు వెళ్లిపోయాయి. తల్లిదండ్రులు నమ్మి నాకు అప్పజెప్పిన పిల్లలు. వాళ్లను కూడా నేను ఇచ్చిన స్థితిలోనే వాపసు చేశాను.