పెద్దసారు కళ్లారా చూసిన మబ్బు

"ఎండలోంచి కరెంటు తీస్తున్నారంటే, ఆ ఎండలో నిలబడ్డ పిల్లకి షాక్ కొట్టదూ?"

పళ్లు తోముకుంటున్న భర్త నోటినిండా నురగతో ఏదో అన్నాడు. అది ధైర్యం చెప్పడమే అయి ఉంటుంది. కానీ ఆవిడకు ధైర్యం చెప్పేవాళ్లంటేనే భయం. ఆపరేషన్ ముందు డాక్టర్లు చెప్పేది కూడా అదే కదా!

కూతురు ఊరి బయట సోలార్ ప్లాంటులో, కంట్రోల్ రూములో పని చేస్తోంది. తండ్రి పనిచేసే మిల్లు మూతపడ్డాక ఇంట్లో అందరి కంచాలూ ఆ పిల్ల జీతం మీదే నడుస్తున్నాయి. ఆ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇవాళ పెద్దసారు తనిఖీకి వస్తున్నారు. అంతా సజావుగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు. కాకపోతే పిల్ల ఇంటికి, ఇల్లు వీధికి.

"అమ్మా, వందసార్లు చెప్పాను," అంది కూతురు బూట్ల తాళ్లు కట్టుకుంటూ. "ఎండ పలకల మీద పడితే కరెంటు పుడుతుంది. అది ఒకవైపే పారే కరెంటు, ఇళ్లకు పనికిరాదు. ఇన్వర్టర్లు దాన్ని మనం వాడుకునే కరెంటుగా మారుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ పెంచి లైన్లోకి పంపిస్తుంది. అంతే."

"పెంచడం దేనికే? ఉన్నది చాలదూ?"

"దూరం పోవాలిగా! పెంచకపోతే దారిలోనే బోలెడంత వేడైపోయి పోతుంది."

"చూశావా, వేడైపోతుందని నువ్వే అంటున్నావు!"

కూతురు తల కొట్టుకుని, బస్సు తప్పిపోతుందని పరుగెత్తింది. ఆ తొందరలో కళ్లజోడు బల్ల మీదే ఉండిపోయింది.

దాన్ని చూడగానే ఆవిడ గుండె గుభేలుమంది. కళ్లజోడు లేని పిల్ల ఒక మీట నొక్కబోయి ఇంకో మీట నొక్కుతుంది. ఊరంతా చీకటైపోతుంది. పేపర్లో ఫొటో వేస్తారు, అదీ కళ్లజోడు లేకుండా. పెళ్లిచూపులకు ఆ ఫొటోనే చూస్తారు! ఇంతదూరం ఆలోచించాక ఇంట్లో ఎలా కూర్చుంటుంది? ఎండకు నెత్తిన వేసుకోవడానికి ఒక మందపాటి తువ్వాలు తడుపుకుని, కళ్లజోడు కొంగున కట్టుకుని, వెనక బస్సు ఎక్కేసింది.

ప్లాంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఆవిడ తడి తువ్వాలు మీద ఒక పసుపుపచ్చ హెల్మెట్ బోర్లించాడు. కంట్రోల్ రూము కిటికీ కింద బెంచీ చూపించాడు.

"పెద్దసారు లోపలున్నారమ్మా. ఆయన కదిలేదాకా ఎవర్నీ పంపొద్దన్నారు."

"పోనీ ఈ కళ్లజోడన్నా ఇచ్చిరా నాయనా."

"తలుపు తీస్తే ఏసీ గాలి పోతుందని మేనేజరుగారు నా తోలు తీస్తారమ్మా."

ఆవిడ కూర్చుని చుట్టూ చూసింది. కనుచూపు మేర నీలం పలకలు వరసలు వరసలుగా, పొద్దువైపు మొహాలు తిప్పుకుని ఉన్నాయి. పొద్దు కదిలినకొద్దీ అవీ మూలుగుతూ కదులుతున్నాయి. అవన్నీ సరే. బెంచీ పక్కనే నడుమెత్తు స్తంభం ఒకటుంది. దాని నెత్తిన బోర్లించిన చిన్న గాజు గిన్నె. కింద నుంచి ఒక తీగ నేరుగా కంట్రోల్ రూములోకి పోతోంది. గిన్నె ఎండకు భగభగా మెరుస్తోంది.

"ఇదేంటి నాయనా?"

"తెలీదమ్మా. ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందన్నారు, నేను దానివంకే చూడను," అని అతను గేటు వైపు వెళ్లిపోయాడు.

చిన్నప్పుడు ఆవిడ తమ్ముడు భూతద్దంతో ఎండ పట్టి గడ్డివాము తగలబెట్టాడు. నాటినుంచి గాజునూ ఎండనూ ఒకచోట చూస్తే ఆవిడకు కాళ్లాడవు. గాజు ఉంది, ఎండ ఉంది, కింద తీగ ఉంది, తీగ చివర పిల్ల ఉంది. ఇంకేం కావాలి? హెల్మెట్ తీసి, నెత్తి మీది తడి తువ్వాలు నాలుగు మడతలు పెట్టి గిన్నె మీద కప్పి, హెల్మెట్ మళ్లీ పెట్టుకుంది. ఆవిడ ముట్టుకోలేదు. ముట్టుకున్నది తువ్వాలు.

ఆ గిన్నె ప్లాంటుకు కన్నులాంటిది. ఎండ ఎంత ఉందో కొలిచి కంప్యూటరుకు చెప్పేది అదే. నిజానికి ఇలాంటివి రెండుండాలి. రెండోది బాగుచేయించడానికని వెళ్లి, ఎంతకీ తిరిగి రాలేదు.

కిటికీ అద్దం పగిలిన చోట అట్టముక్క పెట్టారేమో, లోపలి మాటలు ఆవిడకు ఎదురుగా కూర్చున్నట్టే వినపడుతున్నాయి. కనపడడం మాత్రం లేదు. బయటి ఎండ స్క్రీన్ల మీద పడి మెరుస్తోందని దళసరి తెరలు వేసేశారు.

"సార్! ఎండ సున్నా చూపిస్తోంది. ఉత్పత్తి మాత్రం నిండుగా ఉంది!" మేనేజరు గొంతు.

"అంటే ఎండ లేకుండానే కరెంటు తీస్తున్నారా?" పెద్దసారు గొంతు.

"అదే సార్ మా నిర్వహణ!"

"శభాష్! మరి రాత్రుళ్లు ఎందుకు నడపడం లేదయ్యా?"

"వీలు చూస్తాం సార్," అన్నాడు మేనేజరు.

"సార్, నేను బయటికెళ్లి ఒక్కసారి ఆకాశం చూసొస్తాను," అంది కూతురు.

"నీకు జీతం స్క్రీన్ చూడ్డానికి, ఆకాశం చూడ్డానికి కాదు. కూర్చో!" అని కసిరాడు మేనేజరు.

బయట ఆవిడ పళ్లు నూరింది. ఆ గొంతుకు పెళ్లాం అన్నం ఎలా పెడుతోందో అనుకుంది.

ఈలోగా కంప్యూటరు తన బుద్ధి తాను చూపించింది. మబ్బు పట్టినప్పుడు వెలుతురు ఒక వైపు నుంచి కాకుండా ఆకాశమంతటి నుంచీ వస్తుంది కనుక, పలకల్ని వెల్లకిలా పడుకోబెట్టాలని దానికి నేర్పి ఉంచారు. అది నేర్చిన పాఠం అప్పజెప్పింది. ఉన్న పలకలన్నీ ఒక్కసారిగా కుయ్యిమంటూ నడుం వాల్చేశాయి. ఆవిడ లేచి నిలబడింది. "అయ్యో, అన్నిటికీ వడదెబ్బ తగిలినట్టుందే!"

ఎండ ఏటవాలుగా పడేసరికి ఉత్పత్తి దిగజారింది. లోపల ఫోను మోగింది. ఏ ప్లాంటు ఎంత కరెంటు ఇస్తోందో చూసి ఊళ్లకు పంచిపెట్టే కేంద్రం నుంచి. మేనేజరు స్పీకరు పెట్టినట్టున్నాడు, అవతలి గొంతు కూడా వినపడింది.

"ఏమండీ, కరెంటు పడిపోతోందేం?"

"మబ్బండీ," అన్నాడు మేనేజరు.

"ఉపగ్రహం ఫొటోలో మీ దగ్గర మబ్బే లేదు."

పెద్దసారు ఫోను లాక్కున్నట్టున్నారు. "ఉపగ్రహం ఎక్కడుందయ్యా? ఆకాశంలో. నేనెక్కడున్నాను? ఇక్కడ! మబ్బు నేను కళ్లారా చూస్తున్నాను. నల్లటి మబ్బు. ఏనుగంత ఉంది!"

కిటికీ కింద ఆవిడ చప్పున తలెత్తి చూసింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. చదువుకున్నవాళ్లు, అందులోనూ పెద్దసారు, ఉత్తినే అంటారా? తన చూపే మందగించిందన్నమాట! పైగా ఇంటి దగ్గర దండెం మీద బట్టలున్నాయి, ఇంట్లో ఉన్న మొగుడికి తీయాలని తోచి చావదు. గాభరాగా కొంగు ముడి విప్పి, కూతురి కళ్లజోడు పెట్టుకుని మబ్బు కోసం వెతకసాగింది. ఆకాశం రెండుగా కనపడింది కానీ మబ్బు ఒక్కటీ లేదు.

"సరే సార్," అంది ఫోను గొంతు. "తమరు కళ్లారా చూశారని, తమరి పేరు మీదే పైవాళ్లకు చెప్పేస్తున్నాం. ఇలా ఊగే కరెంటు మాకొద్దు. మీ లైను తీసేస్తున్నాం."

దూరంగా ఎక్కడో ఠప్పుమంది. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రు ఆగిపోయింది. ఊరికి కరెంటు పంచే ప్లాంటులో కరెంటు పోయింది. ఏసీ ఆగింది.

"ఉక్కగా ఉంది, ఆ తెర తీయండయ్యా!" అన్నారు పెద్దసారు.

మేనేజరు తెర లాగాడు. కళ్లు చెదిరే ఎండ గదినిండా దూకింది. కిటికీకి అవతల హెల్మెట్ పెట్టుకుని, కళ్లజోడులోంచి నోరు తెరుచుకుని ఆకాశం వెతుకుతున్న ఆడమనిషి ఒకావిడ కనపడింది.

"అమ్మా!" అంది కూతురు. వెంటనే ఆ పక్కనున్న స్తంభాన్ని చూసి నీరుగారిపోయింది. "సార్... ఎండ కొలిచే గాజు గిన్నె మీద ఏదో గుడ్డ పడింది. అందుకే సున్నా చూపించింది."

"పడితే చూసుకోవాల్సింది ఎవరు?" మేనేజరు గొంతు లేచింది. "డ్యూటీలో ఉన్నది నువ్వు కాదూ! సార్, దీనికంతటికీ ఈ అమ్మాయి నిర్లక్ష్యమే కారణం. ఇవాళే పంపించేద్దాం."

ఆ మాటలన్నీ బయట ఆవిడకు వినపడ్డాయి. వచ్చింది పిల్ల ఉద్యోగం నిలబెట్టడానికి, ఊడగొట్టింది తానే! తువ్వాలు లాగి చంకన పెట్టుకుని గేటు దాటితే గుడ్డ ఎవరిదో ఎవరికీ తెలియదు. కానీ పిల్ల పని అయిపోయినట్టే. ఆవిడ తువ్వాలు తీసుకుని, వాచ్‌మన్ "అమ్మా అమ్మా" అంటున్నా వినకుండా తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"గుడ్డ కప్పింది నేనయ్యా," అంది, తువ్వాలు రెండు చేతులా పట్టుకుని. "గాజు ఎండకు నిప్పు రాజేస్తుందేమోనని భయపడ్డాను. పిల్లకేం తెలీదు. బయటికెళ్లి చూస్తానంటే కూర్చోమన్నది ఈ బాబే. దాని పొట్ట కొట్టకండి. మీరు మబ్బు అన్నప్పుడు నేను బయటే ఉన్నాను. మబ్బు లేదయ్యా, ఉన్నదల్లా నా తువ్వాలే. ఎవరికి చెప్పమంటే వాళ్లకు చెబుతాను, ఆ ఫోను వాళ్లకైనా సరే."

మేనేజరు పెద్దసారును చూశాడు. పెద్దసారు ఫోనును చూశారు. ఏనుగంత నల్లమబ్బు ఆయన పేరు మీద అప్పటికే పైవాళ్ల దాకా వెళ్లిపోయి ఉంటుంది. కూతురు నేల చూస్తూ నిలబడింది. ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు, మెడ తుడుచుకున్నారు, తుడుచుకోవడానికి ఇంకేమీ మిగలక రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. తువ్వాలు నుంచి నీటి బొట్టు ఒకటి గచ్చు మీద టప్పున పడింది.

"గుడ్డేమిటమ్మా?" అన్నారు చివరికి. "వచ్చింది మబ్బు. మబ్బు వస్తే ఈ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? మేనేజరుగారూ, ఉద్యోగం ఖాయం చేసేయండి." ఆపైన ఆవిడ చేతుల వంక చూడకుండానే అన్నారు. "ఆ మబ్బును మాత్రం మీతోపాటు ఇంటికి తీసుకెళ్లిపోండి."