చిన్నముక్కల్లేని పేక

మే నెలలో రెంటచింతలలో ఏసీ ఉన్న గది అంటే గది కాదు, హోదా. పెదకోటయ్య ఇంట్లో అలాంటి గది ఒక్కటే ఉంది. రాళ్ళ క్రషర్లో పనిచేసి పనిచేసి ఇంటిపట్టున కూర్చున్నాక ఆయన తనకోసం అమర్చుకున్న ఏకైక విలాసం, ఓ పాత కిటికీ ఏసీ. ఆ ఉదయం ఆయన పథకం చాలా తేలిక. గది కడిగించి, కొత్త దుప్పటి వేయించి, అల్లుడు రాగానే అప్పగించి, తాను హాల్లో కూలరు ముందు చాప వేసుకోవాలి.

చిక్కేమిటంటే ఆయన భార్య నరసమ్మ పథకమూ సరిగ్గా అదే. అల్లుడే వేరు.

పెద్దల్లుడు బ్రహ్మాజీకి పిడుగురాళ్ళలో టిప్పర్లున్నాయి. ఏసీ గది మీదేనని పెదకోటయ్య అతనికి ఫోన్లో మాటిచ్చాడు. చిన్నల్లుడు కోటిబాబు హైదరాబాదులో సెల్‌ఫోన్ల షాపులో చేస్తాడు. వచ్చే వారం రావలసినవాడికి ముందే సెలవు దొరికింది. ఏసీ గది మీదేనని నరసమ్మ అతనికి మాటిచ్చింది. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. కూలరులో నీళ్ళు పోసే వంతు ఎవరిదనే దగ్గర తగువొచ్చి ఆ వారం ఇద్దరికీ మాటల్లేవు.

గురజాల వైపు నుంచి ఒక ఆటో, మాచర్ల వైపు నుంచి ఒక ఆటో ఒకేసారి వచ్చి గుమ్మం ముందు ఆగాయి. అక్కాచెల్లెళ్ళు మంజుల, యమున ఒకరినొకరు చూసుకుని వీధిలోనే కావిలించుకున్నారు. తోడల్లుళ్ళిద్దరూ మాత్రం తిన్నగా ఏసీ గదిలోకి నడిచి, ఒకే మంచం మీద చెరో సంచీ పెట్టారు.

"తమ్ముడూ, ఆ సంచి హాల్లో పెట్టుకో. ఇది మా గది," అన్నాడు బ్రహ్మాజీ.

"అత్తమ్మ మాకని చెప్పింది అన్నయ్యా," అన్నాడు కోటిబాబు.

పెదకోటయ్య రెండు సంచుల వైపూ మార్చి మార్చి చూశాడు. కిందటేడు యమున పెళ్ళిలో తనకంటే ముందు ఎవరికో వడ్డించారని అలిగి బ్రహ్మాజీ ఏడాదిపాటు ఈ గడప తొక్కలేదు. మంజుల ఫోన్లో ఏడ్చిన ఏడుపు ఆయన చెవుల్లో ఇంకా ఉంది. ఇటు చూస్తే కోటిబాబు కొత్తల్లుడు, ఇది మొదటి వేసవి. ఎవరి సంచి బయటికొస్తే ఆ కూతురు సాయంత్రం బస్సెక్కుతుంది. పిల్లలిద్దరూ ఒక్క కప్పు కింద అన్నం తింటే చూడాలని ఆయన ఎంత ఆశపడ్డాడో ఆయనకే తెలుసు.

"పెద్దల్లుడు పెద్దల్లుడే గదా మావయ్యా?"

"కొత్తల్లుడికి మర్యాద ముందంటారు గదా మావయ్యా?"

రెండూ న్యాయమే. న్యాయం ఎటూ తేలనప్పుడు పెదకోటయ్యకి తెలిసిన దారి ఒక్కటే. బీరువా మీద నుంచి పేక తీశాడు.

రమ్మీ అనగానే బ్రహ్మాజీ మొహం వెలిగింది. ముక్కలు విప్పి చూస్తే అందులో రెండు నుంచి అయిదు దాకా ఒక్క ముక్కా లేదు. అది నరసమ్మ పనని ఇంట్లో అందరికీ తెలుసు. పొద్దస్తమానం మొగుడు పేకాటలో కూర్చుంటున్నాడని విసిగి, మొత్తం చింపేస్తే పంతానికి ఇంకోటి కొంటాడని, చిన్నముక్కలు మాత్రమే తీసేసింది. ఆమె లెక్క తప్పలేదు. ఆయన కొత్తది కొనకుండా అప్పటినుంచీ వాటిని వెతుక్కుంటూనే ఉన్నాడు.

"దీంతోనే ఆడే ఆటుంది మావయ్యా," అన్నాడు కోటిబాబు. "షార్ట్ డెక్ పోకరు. ఫోన్లో రోజూ ఆడతా. చేతికి రెండు ముక్కలు, నేల మీద అయిదు. ఏడిట్లో మంచి అయిదు ఎవరికి పడితే వాళ్ళది గెలుపు."

"మామూలు మూడుముక్కలాట లాంటిదేగా. కానియ్," అన్నాడు బ్రహ్మాజీ. పెదకోటయ్యని జడ్జీగా కూర్చోబెట్టారు. ఆయన మాత్రం ఎవరూ గెలవకుండా చూడు తండ్రీ అని కోటప్పకొండ దిక్కుకి దణ్ణం పెట్టుకున్నాడు.

మొదటి ఆటలో బ్రహ్మాజీకి మూడు రాజులు, రెండు పదులు పడ్డాయి. తొడ చరిచి సంచి సర్దుకోబోయాడు. కోటిబాబు నిదానంగా అయిదు ఆఠీన్లు పరిచాడు.

"నాదే అన్నయ్యా. ఒకే రంగు అయిదు."

"మూడు రాజుల మీద రంగు గెలవడమేంది? ఎక్కడన్నా ఉందా?"

"చిన్నముక్కలు తీసేశాక ఒక్కో రంగులో తొమ్మిదే మిగిల్నయ్. అయిదు కుదరడం చానా కష్టం. అందుకని ఇందులో రంగే పెద్ద."

"ఆ సంగతి ముందుగాల చెప్పలేదు గాబట్టి ఈ ఆట చెల్లదు. ఇద్దరూ సమానం!" అని జడ్జీ గబగబా కొట్టేశాడు.

ఈసారి కోటిబాబు రూల్స్ అన్నీ చెప్పాకే ముక్కలు పంచాడు. వీధి అరుగు మీది వాళ్ళు ఒక్కొక్కరే లోపలికొచ్చి గోడవారన చేరారు. బ్రహ్మాజీకి రెండు జతలు. కోటిబాబుకి ఆసు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది.

"వరస," అన్నాడు కోటిబాబు.

"ఇందాక చెబితే నవ్వులాటకనుకున్నా. ఆసు పక్కకి ఆరు ఎట్టా వస్తదిరా?"

అందరూ జడ్జీ వైపు చూశారు. పెదకోటయ్య నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "అట్టా కాదల్లుడూ. మన చేనుకీ ఇన్నయ్య చేనుకీ మధ్య నాలుగు చేలుండేయి. కాలవ కింద అన్నీ పోయినయ్. ఇప్పుడు కాలవ దాటితే మన పక్క చేను ఎవరిది? ఇన్నయ్యదే! అట్టాగే ఆసు పక్కన ఆరు..."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. న్యాయం చెప్పబోయి పెద్దల్లుడిని ఓడించాడు. మంజుల లేచి తడి తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మడత చూశాడు పెదకోటయ్య.

"మూడాట్లలో రెండు గెలిచినోడిదే గది!" అని అప్పటికప్పుడు కొత్త రూలు పుట్టించాడు. అక్క సంచి సర్దడం చూసి యమున మొగుడి వైపు కన్నెర్రజేయడంతో కోటిబాబు కాదనలేకపోయాడు.

తర్వాతి ఆటలో ఇద్దరికీ రాణుల జతే పడింది. పెదకోటయ్య "సమానం" అనడానికి నోరు తెరిచాడు. అంతలో బ్రహ్మాజీ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు మావయ్యా. జత సమానమైతే పక్కముక్కలు చూడాలని వాడే చెప్పాడు." పక్కముక్కల్లో ఆసు, రాజు నేల మీదివే, ఇద్దరివీ. చివరి ముక్క బ్రహ్మాజీది జాకీ, కోటిబాబుది తొమ్మిది. ఒకటికి ఒకటి అయింది. మంజుల తువ్వాలు బయటికొచ్చి, యమున దువ్వెన సంచిలోకెళ్ళింది.

ఆఖరాటకి అందరూ మెడలు చాచి ముందుకు జరిగారు. నేల మీద ఒక్కొక్కటే పడ్డాయి. పది, జాకీ, రాణి, రాజు, ఆసు. రంగులు కలగాపులగం. ఇద్దరి చేతుల్లోనూ అంతకంటే పెద్దది చేసే ముక్క లేదు.

"నేల మీదదే ఇద్దరికీ పెద్దది. సమానం. చెరిసగం పంచుకోవడమే," అన్నాడు కోటిబాబు.

"సమానం!" అని పెదకోటయ్య పండగ చేసుకోబోయాడు.

"నా చేతిలో ఇస్పేటు ఆసుంది. ఇస్పేటు అన్నిటికన్నా పెద్ద!"

"ఇందులో రంగుల్లో పెద్దా చిన్నా లేదన్నయ్యా."

"ఆసుకీ ఆరుకీ చుట్టరికం కలిపినోడివి, ఇస్పేటుకి మర్యాద ఇయ్యవా? అయినా గదిని సగం ఎట్టా పంచుతావ్? మంచం నీకూ, ఏసీ నాకూనా?" బ్రహ్మాజీ ముక్కలు విసిరికొట్టి లేచాడు. "ఈ కుంటిపేక నాకొద్దు. అత్తమ్మా! ఆ చిన్నముక్కలు ఎక్కడ దాచావో తీయ్. నిండు పేకతో రమ్మీ ఆడి తేల్చుకుంటాం."

నరసమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పక తప్పలేదు. "ఏసీ పక్కన సందులో దూర్చా బాబూ. అది అదురుతుంటేనూ."

"ఏమే!" అన్నాడు పెదకోటయ్య. మాటల్లేని వారమంతటికీ అదే మొదటి మాట. "ఇన్నాళ్ళూ ఆటి పక్కనే పడుకున్నానా?"

బ్రహ్మాజీ అప్పటికే కిటికీ దగ్గరున్నాడు. ముక్కల కట్టను ఒక్క గుంజు గుంజాడు. ఏసీ ఒకసారి దగ్గింది. ఆ వెంటనే దడదడమని కిటికీ, గోడ, గోడమీది పటాలు, మంచం కలిసి మొదలుపెట్టాయి. కోటిబాబు అట్టముక్క దూరిస్తే నమిలి ఉమ్మేసినట్టు బయట పడేసింది. బ్రహ్మాజీ తువ్వాలు కుక్కితే అదీ అంతే. ముక్కలే మళ్ళీ పెడదామంటే పెదకోటయ్య వాటిని గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. చల్లదనం మాత్రం దివ్యంగా వస్తోంది. అల్లుళ్ళిద్దరూ పరీక్ష కోసం మంచం మీద ఒరిగారు. భోజనాలకి విస్తళ్ళు వేసేలోపే చెవులు మూసుకుని బయటికొచ్చారు.

"తమ్ముడూ," అరిచాడు బ్రహ్మాజీ. "నువ్వు కొత్తల్లుడివి. నువ్వే పడుకో."

"పెద్దోళ్ళు మీరుండగా నేనా? తప్పన్నయ్యా!" కోటిబాబు కూడా అరిచాడు.

"ఇస్పేటుకి మర్యాద లేదన్నావుగా. సగం పంచుకుందామన్నదీ నువ్వేగా."

"నా సగం కూడా మీకే ఇచ్చేశా!"

ఇంత మర్యాద ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. మంజుల ముందు నవ్వింది, తర్వాత యమున. రెండు సంచులూ ఎవరూ చెప్పకుండానే హాల్లోకొచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. కూతుళ్ళిద్దరూ పక్కపక్కనే విస్తళ్ళ ముందు కూర్చుని ఒకరి విస్తట్లో ముక్క ఇంకొకరు లాక్కుంటుంటే పెదకోటయ్య కళ్ళు తుడుచుకున్నాడు. కారం ఎక్కువైందని నరసమ్మ మీదికి నెట్టాడు.

భోజనాలయ్యాక అల్లుళ్ళు కూలరు ముందు ఒకే చాప మీద వాలి, ఆసు పక్కన ఆరు సంగతి మళ్ళీ మొదటినుంచీ మాట్లాడుకోసాగారు. "ఎవరికీ వద్దంటే నేనే సర్దుకుంటాలే," అని పెదకోటయ్య చిన్నముక్కల్ని తొడ మీద సాపు చేసి, పేకలో కలిపి, తలగడ కింద పెట్టుకుని ఏసీ గదిలో పడుకున్నాడు. సగం జీవితం క్రషర్ పక్కన గడిపిన మనిషికి ఆ దడదడ జోలపాటలాగే ఉంది. నడుం వాల్చిన మరుక్షణం గురక మొదలైంది. బయటికి మాత్రం ఏది గురకో ఏది ఏసీయో తెలియలేదు.

అల్లుళ్ళు ఊరెళ్ళిన మర్నాటి మధ్యాహ్నం, గది ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయి పెదకోటయ్యకి మెలకువ వచ్చింది. చల్లగాలి మాత్రం వస్తూనే ఉంది. తలగడ కింద పేక తీసి చూసుకున్నాడు. చిన్నముక్కలన్నీ ఉన్నాయి. ఈసారి రాజులూ రాణులూ జాకీలూ లేరు.