చెక్‌పోస్టు దాకా నిలిచిన కేక్

ఆ రోజు పొద్దున మొగిలి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కోరుట్లలో మూడంతస్తుల కేక్ కట్టాలి, జీపులో సిరిసిల్ల చేర్చాలి, లక్ష్మీరాజం సేటు మనవడి పుట్టినరోజు పందిట్లో దింపాలి. నచ్చితే బట్ట నేసే తన సాంచాల షెడ్డు పక్కనున్న మడిగె గదిని బేకరీ కొట్టుకు ఇస్తానని సేటు మాటిచ్చాడు. నచ్చకపోతే మళ్లీ దుబాయి విమానం ఎక్కడమే. అక్కడి హోటల్లో ఏళ్ల తరబడి కేకులు చేసి ఇంటికొస్తే, కన్నబిడ్డే "మామా" అని పిలిచింది పాపం మొగిలిని.

కరెంటు వైరింగు పైపును సమానంగా ముక్కలు కోసి, వెండి కాగితం చుట్టి, కింది కేక్‌లో నిలువుగా గుచ్చాడు. వాటి మీద అట్ట, అట్ట మీద రెండో కేక్, దాంట్లో మళ్లీ పైపులు, ఆ పైన మూడోది. బరువు మోసేది పైపులు, పేరు మాత్రం కేక్‌ది.

"ఏ అంతస్తుకా అంతస్తు డబ్బల వెట్టుకపోరాదు? ఆడికి పోయినంక పేర్చుకో" అంది భార్య నీల.

"గట్లయితే కోరుట్లోళ్లు ఎట్ల జూస్తరే?"

చూశారు. బస్టాండు దాకా జనం జీపు వెంటే నడిచారు. మొగిలికి నేల కనిపించలేదు.

కథలాపూర్ దాటగానే చెక్‌పోస్టులో పోలీసులు ఆపారు. జనం అన్నలని పిలిచే నక్సలైట్లు కల్వర్టు పేల్చిన వారం అది. హవల్దారు కేక్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"లోపటేమున్నది?"

"పైపులున్నయ్ సార్" అన్నాడు మొగిలి, గర్వంగా.

అంతే! పోలీసులంతా ఒక్క ఉదుటున రోడ్డు దిగి బోర్లా పడుకున్నారు.

"నువ్వే తియ్యి వాటిని!" అని కేకేశాడు హవల్దారు గడ్డిలోంచి.

"తీస్తే కూలుతది సార్!"

"తియ్యకుంటే పేలుతదా?"

"పేలదు సార్, నిలవడుతది!"

"నిలవడుడు తర్వాత! ముందు తియ్యి!"

ఒక్కో అంతస్తూ ఎత్తి, పైపులన్నీ పీకి అప్పగించాడు మొగిలి. హవల్దారు ప్రతి ముక్కలోంచీ ఆకాశం చూసి, మొత్తం జప్తు చేశాడు. అక్కడి నుంచి గుంతల రోడ్డు. వేములవాడ వచ్చేసరికి మూడో అంతస్తు రెండోదాంట్లో దిగింది. సిరిసిల్ల చేరేసరికి రెండూ కలిసి మొదటిదాంట్లో దిగాయి. మొగిలికి ఏడుపు ఆగలేదు.

సేటు ఆ ముద్దను చూశాడు. మొగిలి కళ్లు మూసుకున్నాడు. సేటు వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు.

"బతికిచ్చినవ్ రా మొగిలీ!" అన్నాడు చెవిలో. "పొద్దుగాల అన్నల మనిషి అచ్చిండు. సాంచాలోళ్లకు మజూరి పెంచవు గని, మూడంతస్తుల కేకు కోస్తవా అని అడిగిండు. గదంతా ఉత్తదే, సాదా కేకేనని పోరని మీద ఒట్టేసిన. గాయినే, గా ఎనుక కుర్చీల కూసున్నడు. మెల్లగ జూడు!"

వెనక కుర్చీలో మనిషి కేక్‌ను పరీక్షగా చూసి, తృప్తిగా తలాడించి, ఒక ముక్క పెద్దదే అడిగాడు. మడిగె తాళంచెవి ఆ సాయంత్రమే మొగిలి చేతికొచ్చింది.

బేకరీ సిరిసిల్లలో తెరిచినా, సేట్ల ఇళ్ల కేకులు మాత్రం మొగిలి కోరుట్లలోనే పైపులతో పకడ్బందీగా కట్టి, ఆ చెక్‌పోస్టు మీదుగానే తెచ్చేవాడు.