రఘుపతి ఇంట్లో సర్వర్

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున రఘుపతి పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా ఒకే ఒక్క పాటను తన ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. సాయంత్రం వాళ్లమ్మ, ఆయన అవ్వా అని పిలిచే కిష్టవ్వ, బతుకమ్మను ఎత్తుకుని గడప దిగే వేళకు ఆ పాట మోగించాలి. అంతే. ఇంత చిన్న పనికి మెదక్ పట్టణంలో సగం వీధి వచ్చి తన వాకిట్లో కూర్చుంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, రఘుపతి వాళ్లమీద కూడా కోప్పడి ఉండేవాడు.

కోపం ఆయనకు కొత్త కాదు. నీటిపారుదల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది, ఆఫీసుకు తాళం పడింది. రోజూ ఫైళ్లమీద, స్టాంపుప్యాడు మీద, తిరగని ఫ్యానుమీద తీర్చుకునే కోపమంతా ఇంట్లో పేరుకుపోయింది. అది చాలదన్నట్టు ఈ పాటల కంపెనీ ఒకటి తగిలింది.

పాట సంగతి ఇది. తొంభై రెండులో సిద్దిపేటలో ఒక చిన్న క్యాసెట్ల వ్యాపారి ‘కిష్టవ్వ బృందం’ పేరుతో బతుకమ్మ పాటల క్యాసెట్ వేశాడు. రఘుపతి అప్పుడు హాస్టల్లో చదువుకుంటున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చేసరికి ఆ క్యాసెట్‌ను టేప్ రికార్డర్ నమిలి మింగేసింది. తర్వాత వ్యాపారీ కనబడలేదు, మరో క్యాసెటూ దొరకలేదు. పోయినేడు ఇంటర్నెట్లో పాటలమ్మే కంపెనీ జాబితాలో అవ్వ పేరు కనబడేసరికి రఘుపతికి కళ్లు చెమర్చాయి. వెంటనే కొన్నాడు. కొన్నాననే అనుకున్నాడు, పిచ్చి మారాజు.

పాట పెట్టినప్పుడల్లా కిష్టవ్వ రెండు చరణాలు విని, లేచి పెరట్లోకి పోయేది. పాతరోజులు గుర్తొచ్చి కన్నీళ్లు దాచుకోవడానికి పోతోందని కొడుకు నమ్మకం. ఆ నమ్మకంతో మరోసారి పెట్టేవాడు.

ఇంతలో కంపెనీ నుంచి కబురు వచ్చింది. మా దుకాణం మూసేస్తున్నాం, ఫలానా తేదీ మధ్యాహ్నం పన్నెండు తర్వాత మా సర్వర్లు పనిచేయవు, మీరు కొన్న పాటలు ఇక మోగవు, మీ ఆదరణకు ధన్యవాదాలు. ఆ ఫలానా తేదీ సద్దుల బతుకమ్మే. రఘుపతికి ఒళ్లు మండిపోయింది. సంతలో బర్రెను అమ్మినవాడు, సంత ఎత్తేశాం కాబట్టి బర్రె కూడా మాదేనని వచ్చి తోలుకుపోతే ఊరుకుంటామా? బస్టాండు దగ్గర మూతపడ్డ నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చి, పెద్ద డిస్కు బిగించి, నడిమింట్లో పెట్టాడు. ఇకమీదట పాటైనా, ఫోటో అయినా, సినిమా అయినా ఇందులోనే ఉంటుందని, టీవీకీ ఫోనుకూ ఇదే అందిస్తుందని, దీన్ని మీడియా సర్వర్ అంటారని భార్య సుమనకు గంటసేపు వివరించాడు. ఆమె అంతా విని, బియ్యం డ్రమ్ము ఎక్కడ పెట్టాలని అడిగింది.

ఆ పొద్దున తొమ్మిదింటికి కరెంటు రాగానే, పని మొదలుపెట్టేముందు కంపెనీవాళ్లను కడిగేయాలనిపించింది. వరండాలో నిలబడి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి ఎంత మెత్తగా మాట్లాడితే ఈయన గొంతు అంత పెరిగింది.

“మీ సర్వర్ బందైతే నేను కొన్న పాట ఎట్ల బందైతది? ఇగ మీతోని నాకు పనే లేదు. నా ఇంట్లనే సర్వర్‌ను పెట్టుకున్న. పొద్దుమాపు పనిచేస్తది. మీడియా మొత్తం ఇగ నా ఇంట్లనే ఉంటది, యాదికి పెట్టుకోండ్రి.”

ఆ అమ్మాయి యాదికి పెట్టుకుందో లేదో గాని, గోడ అవతల ఎల్లం పెట్టుకున్నాడు. ఎల్లం ఆర్డీఓ ఆఫీసు ముందు చాయ్ బండి నడిపేవాడు. ఆఫీసు బందై బండీ బందైంది. అంతకుముందు పదేళ్లు హోటళ్లలో ప్లేట్లు మోశాడు. ఆయనకు తెలిసిన సర్వర్‌కు రెండు కాళ్లూ, భుజంమీద తువ్వాలా ఉంటాయి. జీతం ఆగిపోయి సారు ఇంట్లోనే మెస్సు పెట్టాడని అర్థమైంది. ‘పనిచేస్తది’ అన్నాడు కాబట్టి సర్వర్ ఆడమనిషని కూడా తేలిపోయింది. మీడియా ఎందుకో మాత్రం అంతుబట్టలేదు. అంతుబట్టని దాన్ని నలుగురికీ చెప్పడం ఎల్లం పద్ధతి కనుక, నేరుగా చౌరస్తాలోని దీక్షా శిబిరానికి నడిచాడు.

పదింటికి ఇద్దరు ఆర్టీసీ కండక్టర్లు వచ్చి గేటు తీశారు. సమ్మెలో బస్సులు ఆగిపోయి, పండుగకు హోటళ్లు మూసి, పొద్దుటినుంచి మంచినీళ్లమీదే ఉన్నారు.

“సారు, ఈడ సర్వర్ ఉన్నదన్నరు?”

రఘుపతి పొంగిపోయాడు. పెళ్లాం కూడా అడగని మాట దారినపోయేవాళ్లు అడిగారు. “ఉన్నది, లోపలికి రాండ్రి. ఇప్పుడిప్పుడే లేస్తున్నది. జర టైం పడుతది.”

వాళ్లు చేతులు కడుక్కుని, గోడవారగా మఠం వేసుకుని కూర్చున్నారు. యంత్రం పట్ల ఎంత భక్తో అనుకున్నాడు రఘుపతి.

“ఏమేమున్నయి సారు?”

“అన్నీ ఉన్నయి. ఎక్కువ పాతయే.”

కండక్టర్లు మొహాలు చూసుకున్నారు. “పాతయి వద్దు సారు. వేడివి లేవా?”

“వేడి ఎక్కువైతున్నదనే గద ఫ్యాన్ పెట్టిన,” అని చెప్పి, రఘుపతి నడిమింట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. కంపెనీ పాటకు తాళం ఉంది, దాన్ని ఎత్తుకుపోనివ్వదు. అందుకని పాట ఒక కంప్యూటర్లో మోగుతుంటే తీగ పెట్టి రెండోదాంట్లోకి ఎక్కించాలి. పాట ఇరవై నిమిషాలు. మొదటిసారి మధ్యలో ఆగింది, రెండోసారి గరగరమంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మూడోసారి కూర్చున్న రఘుపతికి బయట ప్రపంచం తలకిందులవుతున్నా వినబడదు. అదే జరిగింది.

సుమన వంటింట్లోంచి తొంగిచూసేసరికి ఇద్దరు మగవాళ్లు కడిగిన చేతులతో ఆకలిగా కూర్చుని ఉన్నారు. మొగుడి దోస్తులనుకుంది. పండుగపూట ఉత్తచేతులతో పంపడం ఎట్లా? నైవేద్యానికి వండిన సద్దులు అమ్మవారికి పెట్టకముందు మనుషులకు పెట్టకూడదు. పళ్లు కొరుక్కుంటూ ఉప్మా కలియబెట్టి తెచ్చి పెట్టింది. దాంతో ఎల్లం మాట నిజమైపోయింది. ఫోన్లమీద కబుర్లు పోయాయి. అరగంటలో పన్నెండు మంది వరుసగా కూర్చున్నారు. ఎల్లం గేటు దగ్గర చెప్పులు సర్దిస్తూ, ఒక బంతి లేచాక ఇంకో బంతిని లోపలికి వదులుతున్నాడు.

“సర్వరమ్మా, జర చట్నీ,” అన్నాడు మూడోవరుసలో ఒకాయన.

సుమన గరిటె పట్టుకుని ఆయనకేసి చూసిన చూపుకు, ఆయన చట్నీ లేకుండానే తినడం నేర్చుకున్నాడు.

అటు చౌరస్తాలో రాజేందర్ కూడా మండిపోతూనే ఉన్నాడు. ఆయన ఉద్యోగ సంఘాల కన్వీనర్. ఇరవై రోజులకు పైగా రిలే నిరాహార దీక్షలు నడిపిస్తుంటే ఒక్క టీవీ కెమెరా ఇటు తొంగిచూడలేదు. మీడియా మొత్తం రఘుపతి ఇంట్లో ఉందని ఎల్లం చెప్పగానే టెంటు పీకించాడు. షామియానా, మైకు సెట్టు, మెడలో దండలతో ఐదుగురు దీక్షాపరులు, అందరూ పదకొండింటికి రఘుపతి గేటు ముందు దిగారు. రాజేందర్ మైకు అందుకుని, కిటికీవైపు తిరిగి, మీడియా మిత్రులందరికీ నమస్కారమన్నాడు. కిటికీలోంచి జవాబుగా పోపు వాసన వచ్చింది.

దీక్షాపరుల్లో పెద్దాయన ఒకాయన కళ్లు మూసుకుని, ఉప్మా అన్నాడు. కాసేపాగి, జీడిపప్పు వేసినట్టున్నరన్నాడు. అప్పుడే ఇద్దరు మూతి తుడుచుకుంటూ గేటు దాటి వచ్చారు.

సరిగ్గా అప్పుడు, పాట మొత్తం ఎక్కించి, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, గెలిచిన మొహంతో రఘుపతి వాకిట్లోకి వచ్చాడు.

“దీక్ష ముంగట హోటల్ నడిపిస్తున్నవా రఘుపతి?” అన్నాడు రాజేందర్ మైకులోనే.

“హోటల్ ఏడిది?”

“సర్వర్‌ను పెట్టినవట గద.”

“సర్వర్ అంటే మనిషి గాదన్నా. డబ్బా. ఉత్త డబ్బా.”

ఎల్లం మొహం చిన్నబోయింది. “నేను పదేండ్లు సర్వర్‌గ చేసిన సారు. డబ్బా అని నన్ను ఎవ్వలనలే.”

జనం గొణిగారు. కార్మికులను అవమానిస్తున్నాడన్నారు ఎవరో. రఘుపతికి ఉన్న జబ్బేమిటంటే, ఎదుటివాడికి అర్థం కాకపోతే అదే మాట ఇంకా గట్టిగా అంటాడు. డబ్బా డబ్బా డబ్బా అని మూడుసార్లు అరిచాడు. మీడియా ఎక్కడని రాజేందర్ నిలదీస్తే, అది కూడా డబ్బాలోనే ఉందన్నాడు. రాజేందర్ మైకు దించేశాడు. రేపటి నుంచి శిబిరంలో నీకు కుర్చీ లేదని, జీతాలు వదులుకుని కూర్చున్నవాళ్ల ముందు ఉప్మా అమ్మినవాణ్ని ఈ ఊరు మరిచిపోదని మెల్లగా చెప్పాడు. ఆ మెల్లగా చెప్పడం రఘుపతికి గుచ్చుకుంది. మూడు వారాలుగా ఆ టెంటులో కూర్చున్నవాళ్లలో తనూ ఒకడే.

చెప్పి లాభం లేదు, వినిపించాల్సిందే. మైకు సెట్టు నుంచి ఇంకో తీగ లాక్కుపోయి డబ్బాకు తగిలించాడు. “సర్వర్ అంటే ఇది. దీంట్ల ఉన్నది మా అవ్వ గొంతు. ఎవ్వడు దుకాణం మూసినా ఇగ ఇది పోదు. ఇనుండ్రి,” అని మీట నొక్కాడు.

పాట వాకిలంతా పరుచుకుంది. సన్నని, తీయని గొంతు, ఇరవై ఏళ్ల కిందటిది, వెనక నిండైన చప్పట్లు. గొణుగుడు ఆగిపోయింది. ఎల్లం కళ్లు తుడుచుకున్నాడు. అరుగుమీద తంగేడు, గునుగు పూలు పేర్చుకుంటున్న కిష్టవ్వ రెండు చరణాలు విని, ఎప్పటిలాగే లేచి పెరటివైపు నడిచింది. చూశారా అన్నట్టు రఘుపతి అందరికేసి చూశాడు.

అప్పుడు కరెంటు పోయింది. బొగ్గు గనులవాళ్లూ సమ్మెలో ఉన్నారు మరి.

డబ్బా చచ్చింది. మైకు మాత్రం బ్యాటరీమీద గుయ్యిమంటోంది. యాభై మంది నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. పాటను సగంలో వదిలేస్తే కిష్టవ్వకు కాలు కదలదు. వెనక్కి తిరిగి వచ్చి, మైకు ముందు నిలబడి, మూడో చరణం అందుకుంది. బొంగురు గొంతు, బరువైన గొంతు. పొలంలో నాటు వేస్తూ పక్క మడిలోవాళ్లకు వినబడేలా పాడిన గొంతు. చరణం అయిపోయింది.

“అవ్వా, గొంతు వేరే ఉన్నదే,” అన్నాడు ఎల్లం.

“వేరే ఉండక? డబ్బాలది లలితమ్మ గొంతు, ఎల్దుర్తి లలితమ్మది. గా దినం నాకు గొంతు పట్టింది. పెద్దదాన్నని పేరు నాది ఏసిండ్రు. చప్పట్లే నావి.”

మైకు ఆ మాటను వీధి చివరిదాకా మోసింది. రఘుపతికి అరికాళ్లనుంచి కోపం లేచింది గాని, ఎవరిమీద పడాలో తెలియక మధ్యదారిలోనే ఆగిపోయింది. “ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే అవ్వా?”

“చెప్పనిస్తివా? పాట పెడితివి, నువ్వే మురిస్తివి. గా లలితమ్మ రాగం సాగదీసుడు సహించక నేను పెరట్లకు పోతుంటి.” కిష్టవ్వ మైకు పక్కకు నెట్టింది. “నన్ను పాడుమని ఒక్కసారన్న అడిగినవా బిడ్డా?”

అడగలేదు. మనిషి ఇంట్లోనే ఉంది. అడగాలని ఒక్కనాడూ తోచలేదు. రఘుపతికి సిగ్గుతో తల వాలిపోయింది. పాడవ్వా, ఇప్పుడు ఎక్కించుకుంటా అన్నాడు.

“కరెంటు ఏడిది? కూసో. చప్పట్లు కొట్టు.”

కండక్టర్లకూ ఎల్లానికీ మధ్య ఇరుక్కుని కూర్చుని రఘుపతి చప్పట్లు కొట్టాడు. తాళం తప్పినప్పుడల్లా అవ్వ చూసింది, ఆయన దిద్దుకున్నాడు. రాజేందర్ కొట్టాడు, దీక్షాపరులు ఉన్నంత ఓపికతో కొట్టారు, సుమన గరిటె పక్కన పెట్టి వచ్చి కొట్టింది. పాటల కంపెనీ చెప్పిన వేళకే మూతపడిందట, ఎవరూ గమనించలేదు.

రఘుపతి సర్వర్ ఇప్పటికీ నడుస్తోంది. అందులో లలితమ్మ పాడిన ఆ పాట పేరు ‘మా అవ్వ చప్పట్లు’.