అరవై ఒక్క లైన్ల క్వెరీ

మంగళవారం పొద్దున్నే ప్రసూన ఒకటే నిర్ణయంతో ఆఫీసుకు వచ్చింది. ఈ రోజు ఆ క్వెరీ అంతు చూడాలి.

ఆఫీసంటే చిట్యాలలో భిక్షపతి సేటు ఎరువుల కొట్టు వెనక గది. సేటుకు రెండు వరికోత మిషన్లున్నాయి. ఏ మిషన్ ఎవరి పొలానికి పోవాలో రోజూ పొద్దున కంప్యూటర్ లిస్టు ఇస్తుంది. ఆ లిస్టు తీయమని కంప్యూటర్‌కు చెప్పే ఎస్‌క్యూఎల్ క్వెరీని పాత ఉద్యోగి సుమన్ రాసి, మహబూబాబాద్‌లో సర్కారు కొలువు దొరకగానే చక్కా పోయాడు. మొత్తం అరవై ఒక్క లైన్లు. లిస్టు వచ్చేలోపు చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించుకోవచ్చు.

"లిస్టు జర జల్ది వచ్చేటట్టు చెయ్యి బిడ్డా, చాయ్‌లు తగ్గాలె. ఈ వారం లిస్టు మంచిగ నడిస్తే నీ నౌకరి పక్కా," అన్నాడు సేటు. జనగామలో చదువు ముగించి రెండేళ్లు ఖాళీగా కూర్చున్న ప్రసూనకు అంతకంటే ఏం కావాలి?

క్వెరీ చదువుతుంటే ఆమెకు నవ్వాగలేదు. మంగళవారమైతే ముత్తమ్మ వద్దట. లక్ష్మా పొలం కోసిన తర్వాతే మొగిలిదట. రెండో మిషన్ సాయమ్మ ఊరికి అసలే పోకూడదట. ఎందుకో ఒక్క ముక్క రాసి పెడితే ఒట్టు. సుమన్‌కు తిక్క లేచినప్పుడల్లా ఒక లైను రాసినట్టున్నాడనుకుని కొట్టేస్తూ పోయింది. చివరికి తొమ్మిది లైన్లు మిగిలాయి. ఎవరి పంట ముందు పండితే వాళ్లకే ముందు, అంతే. లిస్టు కన్నుమూసి తెరిచేలోగా వచ్చింది. అందులో సాయమ్మ పేరు చూసి రెండో మిషన్ డ్రైవర్ చిరంజీవి ఇంటికి పోయి కొత్త చొక్కా తొడుక్కున్నాడు. సంబరంలో ప్రసూన అది పట్టించుకోలేదు.

తొమ్మిదింటికి మొదటి మిషన్ డ్రైవర్ కుమార్ ఫోన్ చేశాడు. "మేడం, ముత్తమ్మవ్వ మిషన్‌ను పొలంల దిగనిస్తలేదు. మంగళారం కోత మొదలువెట్టదట."

"అయితే తర్వాత పేరు మొగిలి బాపుది. అటు పో అన్నా."

పదింటికి మళ్లీ కుమారే. "మొగిలి పొలానికి ఆయన తమ్ముడు లక్ష్మా పొలంల నుంచే తొవ్వ. ఆ వరి కొయ్యకుంట మిషన్ ఎట్ల పోతది? తమ్మునిది ముందుగాల కోస్తనంటే, లిస్టుల నా పేరున్నది, మిషన్ నాదంటడు మొగిలి. అన్న కోసం నా వరి కోస్తరా అని లక్ష్మా మిషన్ ముందట కూసున్నడు. తొమ్మిదేండ్ల సంది వాళ్లకు మాటల్లేవు."

ఆకాశం చూస్తే మబ్బు పట్టింది. వాన పడితే మొగిలి మూడెకరాలు బురద పాలు, తన నౌకరీ అంతే. లక్ష్మాకు వేరే మిషన్ పంపుదామని చిరంజీవికి ఫోన్ చేసింది. ఎత్తింది సాయమ్మ.

"మా అల్లుడు కాళ్లు కడుక్కుంటున్నడు బిడ్డా. కోడిని కోసినం. తిని, పండుకొని, మాపటికి వస్తడు."

ప్రసూన స్కూటీ ఎక్కింది. తీరా పోతే సాయమ్మ ఆమెకూ విస్తరి వేసింది. "అల్లుణ్ని పిల్వ వచ్చి తినకుంట పోతవా? నా ఇంట్ల అట్ల నడువది." వద్దన్నకొద్దీ కూర పడింది. రెండున్నరకు ఆవులిస్తూ చిరంజీవి మిషన్ మీద, ఆయాసపడుతూ ప్రసూన స్కూటీ మీద వెనకాల బయలుదేరారు.

లక్ష్మా పొలం దగ్గర గొడుగు పట్టుకుని సేటు నిలబడి ఉన్నాడు. ప్రసూన ఆయన వైపు చూడకుండా ల్యాప్‌టాప్‌ను స్కూటీ సీటు మీద పెట్టి, కొట్టేసిన లైను తిరిగి రాసి లక్ష్మాకు చూపింది.

"బాపు, చూడు. ముందుగాల నీది. దాని తర్వాతనే మొగిలి బాపుది."

"లిస్టుల రాసి ఉన్నదా?" అన్నాడు లక్ష్మా.

"రాసి ఉన్నది."

లక్ష్మా ధోవతి దులుపుకుని లేచాడు. లిస్టు మాట విని మొగిలి కూడా మిషన్‌కు దారి ఇచ్చాడు. రెండు మిషన్లూ దిగాయి. మొగిలి వడ్ల మీద పరదా కప్పుతుండగా తొలి చినుకు పడింది.

"ఆ లైన్లన్నీ సుమనన్న ఊకెనే రాసిండనుకున్న సార్," అంది ప్రసూన.

"రాసింది సుమన్. చెప్పింది నేను," అన్నాడు సేటు. "ఒక్కో లైను ఒక్కో పంచాయితి. లిస్టు జల్ది రావాలె, చాయ్‌లు తగ్గాలె అన్న గాని, ఊరోళ్లనే కొట్టెయ్యమన్ననా?"

ప్రసూనకు ఏడుపొచ్చింది. "రేపటి సంది రావద్దా సార్?"

"రాకుంటే ఎట్ల? నీకిప్పుడు ఊరు తెలిసింది. ఇంకొకళ్లకు నేర్పాలంటే నాతోని కాదు."

మరునాడు క్వెరీ అరవై రెండు లైన్లయింది. కొత్త లైను ప్రకారం, సాయమ్మ ఊరికి ప్రసూనను కూడా పంపకూడదు.